చెయ్యి కొట్టని సోల

ఆ ఎండాకాలం నాకొక గది కావాల్సి వచ్చింది. పెద్ద కోరికేం కాదు. నా పొయ్యి నాదిగా ఉండాలి, నా తలుపు సంత వీధిలోకి తెరుచుకోవాలి, అంతే. దానికి మా అన్నయ్య, మా బాబాయి, జిల్లా ఆఫీసు, ఆఖరికి ఎప్పుడో చచ్చిపోయిన మా ముత్తాత కూడా అడ్డం నిలబడ్డారు.

తెలుగు నేల దాటగానే వచ్చే కుంట పట్నం నుంచి శబరి నది ఒడ్డునే పైకి పోతే మా ఇసుకవాగు వస్తుంది. ఊరి మధ్యలో సంత, సంతను ఆనుకుని మా ఇల్లు. ఊళ్ళో దాన్ని ఉప్పుకొట్టు అంటారు. మా ముత్తాత రాజమండ్రి నుంచి పడవల్లో ఉప్పు తెప్పించి ఇక్కడి ఆదివాసీలు దొర్లవాళ్ళకు ఇచ్చేవాడు. వాళ్ళు అడవిలో ఏరుకొచ్చిన సారపప్పు తీసుకునేవాడు. సోల ఉప్పుకు సోల సారపప్పు. ఆ సారపప్పే మా టేకు స్తంభాలైంది, బండలు పరిచిన అరుగైంది, గూనపెంకుల కప్పైంది. ఉప్పు నిలవ చేసిన గది గోడలు ఇప్పటికీ వానాకాలంలో చెమరుస్తాయి.

రెండేళ్ళ కిందట జిల్లా నుంచి కొందరు వచ్చి, స్తంభాలు నిమిరి, ఫొటోలు తీసుకుని, వాకిట్లో నీలం బోర్డు పాతించి పోయారు. పైన పెద్దక్షరాలతో ధరోహర్ అని, అంటే వారసత్వ కట్టడమని. కింద, ఆదివాసీ సోదరులకు ఉప్పు అందించి సేవ చేసిన వ్యాపారి కుటుంబం ఇది అని హిందీలో. అప్పట్నుంచి మా ఇంట్లో మేకు కొట్టాలన్నా ఎవర్నో ఒకర్ని అడగాలి. మా అన్నయ్య హరిబాబుకు మాత్రం ఆ బోర్డంటే పంచప్రాణాలు. పొద్దున్నే దాని మీద దుమ్ము తుడిచిగానీ టీ తాగడు.

నేను అంతకుముందు వానాకాలంలో కిరండూల్ నుంచి తిరిగొచ్చాను. మొగుణ్ణి వదిలేసి వచ్చానని ఊళ్ళో అనుకున్నారు. నిజమే, వదిలేశాను. ఆ సంగతి ఇక్కడ చెప్పను. చెప్పుకోవాల్సినంత గొప్పది కాదు. అక్కడ గని పనివాళ్ళకు మెస్ నడిపిన చేతులు ఇక్కడ మా సునీత వదిన వంటింట్లో కూరగాయలు తరగడానికి కూడా పనికిరాకుండా పోయాయి. తప్పు వదినది కాదు. ఒక వంటింట్లో ఒక మనిషి మాటే చెల్లుతుంది, అది ఎక్కడైనా అంతే. పైగా మా కోమటి కొంపలో గుడ్డు ఉడకబెడితే గోడలు కూలిపోతాయని అన్నయ్య నమ్మకం.

ఇప్పపువ్వు రాలడం మొదలైన రోజుల్లో ఒక పొద్దున అరుగు మీద అన్నయ్య దగ్గర కూర్చుని మాట కదిపాను. శ్రీరంగం బాబాయి కూడా ఉన్నాడు. మా నాన్న తమ్ముడు. ఊళ్ళో ఉన్న కొద్ది తెలుగు దుకాణాలకు ఆయనే పెద్ద. అన్నయ్య కూర్చునే గల్లాపెట్టె కూడా నిజానికి ఆయనదే.

"సంత వైపు జాగా ఖాళీగుంది కదన్నా. పడమటి గోడకు ఆనించి ఒక గది దించుకుంటా. బస్సు డ్రైవర్లు, మాస్టర్లు, ఆసుపత్రి సిస్టర్లు తిండికి అవస్థ పడతన్నరు. వండిపెట్టి నా బతుకు నేను బతుకుతా."

అన్నయ్య మాట్లాడేలోపే బాబాయి అందుకున్నాడు. "ఉప్పుకొట్టు ఆడపిల్ల రోడ్డు మీద అన్నం అమ్ముతదా? మన ఇంటి పేరేంది, నువ్వు చేసే పనేంది?"

"ఉప్పు అమ్మితే రాని నామర్దా అన్నం అమ్మితే వస్తదా బాబాయ్?"

"చూసినవా హరీ, కిరండూల్ నోరు," అన్నాడు బాబాయి అన్నయ్య వైపు తిరిగి.

అన్నయ్య చెడ్డవాడు కాదు. భయం ఎక్కువ. బాబాయి మొహం ఒకసారి, నా మొహం ఒకసారి చూసి, ఆఖరికి బోర్డు వైపు చెయ్యి చూపించాడు. "కట్టుకుంటానంటే నేనొద్దంటనా ప్రసూనా? ధరోహర్ ఇల్లాయె. ఒక్క ఇటుక పెట్టినా కేసయితది."

వేరే చోట చూసుకుందామా అంటే, ఈ ఇలాకాలో ఆదివాసీలు కాని మాలాంటి వాళ్ళం కొత్తగా జాగా కొనే వీల్లేదు. ఆ పడమటి దొడ్డి నాదేనని నాన్న పోయేముందు అందరి ఎదుటా చెప్పాడు. అదొక్కటే నాకు మిగిలింది. దాన్ని కూడా ఒక రేకు బోర్డుకు వదిలెయ్యమంటే నాకు ఒళ్ళు మండింది.

పంచాయతీ కార్యదర్శిని, అదే మా సచివ్‌ను పట్టుకున్నాను. ఆయన వెంటపడి జిల్లా ఆఫీసుకు పోయాను. అక్కడి మేడం స్తంభాల గురించి ఎంతో సేపు మాట్లాడి, ఆఖర్లో నా సంగతి విన్నది. ముందు భాగం ముట్టుకోవద్దు. పక్కన కట్టుకోవచ్చు, కానీ సిమెంటు వద్దు, మట్టిగోడ, గూనపెంకులు, పాతదానికి తగ్గట్టు ఉండాలి. ఇంకొక్కటి. ఇది ఐదో షెడ్యూలు ఇలాకా కాబట్టి గ్రామసభ ఒప్పుకుని తీర్మానం, అదే ప్రస్తావ్, చెయ్యాలి. ఊరు సరేనంటే మాకేం అభ్యంతరం లేదు, అంది.

ఇంటికొచ్చి ఆ మాట చెప్పగానే అన్నయ్య మొహం వాడిపోయింది. బాబాయి మాత్రం టీ ఒలికేంతగా నవ్వాడు.

"గ్రామసభనా? వాళ్ళు మన ఇంటికి గది కట్టుకోమంటరా? మన మీద వాళ్ళకున్న ప్రేమ నాకు తెలవదా? పో, పోయి అడుగు. వాళ్ళు చెయ్యెత్తితే నీ మెస్సుల తొలి కంచం నేనే తింటా. మంగూ, నువ్వే సాక్షి."

అరుగు చివర పెంకులు సర్దుతున్న మంగు, సాక్షి అనగానే బిత్తరపోయి తల ఊపాడు. వాడు దొర్లవాళ్ళలో మట్టిపని బాగా తెలిసినవాడు, సంతలో ఉలవలు అమ్మే సోమ్లీ మొగుడు. సాయంత్రానికి ఆ పందెం సంత వీధంతా తెలిసిపోయింది.

*

సర్పంచ్ హుంగే సుక్మా హాస్టల్లో పన్నెండో తరగతి దాకా చదివిన పిల్ల. నేను పోయేసరికి ఇప్పచెట్టు కింద వంగి పువ్వు ఏరుతోంది. పక్కన నేనూ కూర్చుని ఏరడం మొదలుపెట్టాను. ఇప్పపువ్వు వాసన తలకెక్కుతుంటే ఏ విన్నపం చేసినా కొంచెం తేలిగ్గా వినపడుతుందని నా ఆశ.

"మీ అరుగు మీద మా అమ్మ పొద్దంతా కూసునేది అక్కా, ఉప్పు కోసం," అంది తను. "మంచినీళ్ళు గూడ అడగనిచ్చేటోళ్ళు కాదు. ఇప్పుడు అక్కడ సేవ అని రాసిండ్రు. రోజూ పంచాయతీకి పోతా అది చదువుకుంట పోతన్న."

"అది నేను రాయలేదు."

"నువ్వు రాయలే. తీసి గూడ పారెయ్యలే."

బుట్ట నింపి ఆమె ముందు పెట్టాను. హుంగే నవ్వలేదు, కోప్పడలేదు.

"సభల పెడతా. అవుననను, కాదనను. నువ్వే నిలబడి అడుగు. మీ ఇంటోళ్ళు ఎవరూ ఇప్పటిదాక మమ్మల్ని ఏదీ అడగలే. అడుగుతుంటే చూద్దామని మా వాళ్ళకు గూడ ఉంటది."

ఇంటికి నడుస్తూ నాలో నేను గొణుక్కున్నాను. నేను చెయ్యని పనికి నన్నెందుకు నిలబెడతారు అని. బాబాయి మీద కోపం, ముత్తాత మీద కోపం, ఆ కోపంలో హుంగే మీద కూడా కాస్త.

ఆ తర్వాతి సంతలో సోమ్లీ మా అరుగు కింద ఉలవలు పోసుకుని కూర్చుంది. గది వస్తుందో రాదో తెలియకపోయినా నేను సరుకు చూసుకోవడం మొదలుపెట్టాను, మొండిదాన్ని కదా. కాటా మీద అమ్మేవి కాటా మీద అమ్మినా, మా సంతలో పప్పులు, ఉలవలు ఇంకా సోలతోనే కొలుస్తారు. నా రేకు సోల తెచ్చుకుని ఉలవలు కొలుచుకున్నాను. సోమ్లీ నా చేతి వంక చూస్తూ కూర్చుంది. డబ్బు తీసుకుని కొంగున ముడేసుకుంది. నేనేం పట్టించుకోలేదు.

*

గ్రామసభ మా ఇంటికి కూతవేటులో, పంచాయతీ ముందు మామిడిచెట్టు కింద జరిగింది. సారపప్పు కొట్టే రోజులు కావడంతో ఆడవాళ్ళు చాలామంది మూటలతోనే వచ్చి కూర్చున్నారు. మగవాళ్ళు ఒక పక్క, ఆడవాళ్ళు ఒక పక్క. మా దుకాణాల వాళ్ళు బాబాయి చుట్టూ కుర్చీలేసుకున్నారు. అన్నయ్య రాలేదు. తలనొప్పి అన్నాడు.

సచివ్ నా విన్నపం హిందీలో చదివాడు. హుంగే దాన్ని దొర్లీలో, తెలుగులో చెప్పింది. చెప్పి ఊరుకుంది. నేను లేచేలోపే బాబాయి కుర్చీలోంచే గొంతు సవరించుకున్నాడు.

"మా తాతలు కట్టిన ఇల్లు. ఇంకొంచెం పెద్దగ చేసుకుంటమంటంది మా పిల్ల. మీ దయ."

ఆ దయ అనే మాటలో ఎంత విషం ఉందో అక్కడున్న అందరికీ అర్థమైంది. అర్థం కావాలనే అన్నాడు. జనంలో గుసగుస లేచింది. ఆ గుసగుస నాకు మంచిది కాదని తెలుస్తూనే ఉంది.

అప్పుడు పొజ్జే అవ్వ చెయ్యెత్తింది. పండు ముసలి. మా ముత్తాత కొడుకు చేతి ఉప్పు తిన్న మనిషి. ఆమె నోరు తెరిస్తే పిల్లలు కూడా ఊరుకుంటారు.

"మీ ఇంట్ల ఇత్తడి సోల ఉండేది. ఉందా, అమ్ముకున్నరా?"

"ఉందవ్వా. దేవుడి దగ్గరుంది."

"దేవుడి దగ్గరనా?" అంది. ఎక్కడో ఎవరో కిసుక్కున నవ్వారు. "తీసుకరా బిడ్డా. ఒకసారి చూడాలె."

బాబాయి లేచాడు. "పూజ వస్తువు బయటికి తేవడమేంది? దీపావళికి లక్ష్మి పక్కన పెట్టే సోల అది. ప్రసూనా, తెచ్చినవంటే ఇక ఆ ఇంట్ల అడుగు పెట్టనియ్య."

ఆయన వద్దన్నాడు కాబట్టి తీసుకురావాలనిపించింది. అదే నా గుణం. దాని వల్ల చాలా పోగొట్టుకున్నాను, కానీ ఆ రోజు అదే నన్ను నడిపించింది.

ఇంటికొచ్చేసరికి అన్నయ్య అరుగు మీదే ఉన్నాడు. తలనొప్పి మనిషి చెవులు బాగానే పని చేశాయి. మామిడిచెట్టు కిందివన్నీ విన్నాడు. గుమ్మానికి అడ్డంగా నిలబడి, "వద్దు ప్రసూనా. బాబాయ్ దుకాణంల నన్ను ఉండనియ్యడు," అన్నాడు. కోపంగా కాదు, బతిమాలుతున్నట్టే అన్నాడు. అందుకే నాకు ఆయన్ని తోసుకుపోవడం చేతకాలేదు. అక్కడే నిలబడిపోయాను.

పెరటి వైపు నుంచి చిన్న చప్పుడైంది. చుట్టూ తిరిగి పోయాను. వంటింటి గుమ్మం దగ్గర సునీత వదిన నిలబడి ఉంది. చేతిలో ఇత్తడి సోల. కుంకుమ బొట్టు ఇంకా దాని మీదే ఉంది. నేను తిరిగొచ్చిన దగ్గర్నుంచి నాతో అవసరానికి మించి పది మాటలు మాట్లాడని మనిషి, సోలను నా చేతిలో పెట్టి కొంగుతో చేతులు తుడుచుకుంది.

"పో. వాళ్ళు లేచిపోతరు," అంది. నేను రెండడుగులు వేశాక వెనకనుంచి మళ్ళీ, "గది కడితే లోపల్నుంచి గూడ ఒక తలుపు పెట్టించు," అంది. నేను వెనక్కి తిరిగేసరికి పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది.

*

పొజ్జే అవ్వ సోలను అటూ ఇటూ తిప్పి చూసింది. బొటనవేలితో కుంకుమ తుడిచేసింది. తన మూట విప్పి సారపప్పు నా ముందు గుడ్డ మీద పోసింది.

"మీ తాత మా దగ్గర ఎట్ల తీసుకున్నడో కొలువు."

నేను గుప్పిళ్ళతో పోశాను. సోల నిండింది. ఆ పైన ఇంకా పోశాను, గోపురం కట్టే దాకా, పలుకులు అంచుల మీంచి జారే దాకా. మా ఇంట్లో తీసుకునేటప్పుడు అలాగే తీసుకుంటారు. నాన్న చేతిలో చూశాను, అన్నయ్య చేతిలో చూశాను.

"ఇప్పుడు ఇదే ఉప్పనుకో. మాకెట్ల ఇచ్చిండో ఇయ్యి."

మళ్ళీ నింపాను. అరచేతి అంచుతో సోల మూతి మీద ఒక్కసారి చెయ్యి కొట్టాను. గోపురం కూలి పప్పంతా గుడ్డ మీద పడింది. సోల చదునుగా మిగిలింది. నేను ఆలోచించి చేసిన పని కాదు. చెయ్యే చేసుకుపోయింది.

పొజ్జే అవ్వ గుడ్డ మీద రాలిన పలుకుల్ని రెండు చేతులా కూడదీసుకుని పైకెత్తి అందరికీ చూపించింది.

"ఈ రాలిందే ఆ ఇల్లు," అంది.

బాబాయి గొంతు పెద్దది చేశాడు. "ఆ రోజుల్ల కొలత ఎక్కడైనా అంతే. అదేం దొంగతనం కాదు."

"దొంగతనమని నేనన్ననా నాయినా? నువ్వే అన్నవు."

ఈసారి నవ్వు కిసుక్కున ఆగలేదు, సభంతా నవ్వింది. దుకాణాల వాళ్ళలో కూడా ఒకరిద్దరు నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకున్నారు. నాకూ నవ్వొచ్చింది. ఆ నవ్వు మధ్యలో సోమ్లీ లేచి నిలబడింది.

"మొన్న నా ఉలవలు ఈమె గూడ అట్లనే కొలిచింది. గోపురం కట్టి," అంది.

నా నవ్వు ఆగిపోయింది. బాబాయి కాలు మీద కాలు వేసుకున్నాడు. ఆ కాలు చూశాక నాకు ఏడుపు రాలేదు, పౌరుషం వచ్చింది.

"కొలిచిన," అన్నాను. "నా చేతికి ఆ కొలతే తెలుసు. సోమ్లీ, ఎక్కువ తీసుకున్నయి తెచ్చిస్త. కానీ ఒకటి చెప్తన్న, వినండి. మా తాత తరఫున దండం పెట్టి గది అడుక్కోను. ఆయన తిన్నది ఆయన తిన్నడు. మా అన్నకు ఇల్లుంది, బాబాయ్‌కి దుకాణముంది. నాకు పొయ్యి లేదు. సంత రోజు మీరు పొద్దంతా ఎండల కూసోని గంజి తాగి పోతరు. ఆ గదుంటే మీకింత అన్నం దొరుకుతది, నాకు బతుకు దొరుకుతది. వద్దంటే వద్దనండి. మా తాత మీద కోపంతోని అనొద్దు. నన్ను చూసి అనండి."

అంత పొడుగు మాట నేను కిరండూల్లో మొగుడితో కూడా మాట్లాడలేదు. కూర్చుంటే ఓడిపోయినట్టుంటుందని నిలబడే ఉన్నాను.

హుంగే పొజ్జే అవ్వ వైపు చూసింది. అవ్వ పప్పంతా తన మూటలో పోసుకుంది, తొందరేం లేకుండా. ముడేసింది.

"సోల దేవుడి దగ్గరొద్దు. ఆ గదిల ఉండాలె. అన్నం దాంతోనే పెట్టాలె. చెయ్యి కొట్టొద్దు."

"కొట్టను."

"నన్నడగకుంట ఎవరికీ కొట్టొద్దు."

"కొట్టనవ్వా."

"ఇంకోటి," అంది హుంగే సచివ్ వైపు తిరిగి. "ఆ బోర్డు మీద సేవ అనే మాట ఉండొద్దు. అది గూడ ప్రస్తావ్‌ల పెట్టండి."

ముందుగా లేచిన చెయ్యి సోమ్లీది. మొహం మాత్రం గంటు పెట్టుకునే ఉంది. "ఉలవలు మర్చిపోకు," అంది. ఆ తర్వాత ఒక్కొక్కటిగా, ఆడవాళ్ళ వైపు నుంచి, ఆ తర్వాత మగవాళ్ళ వైపు నుంచి చేతులు లేచాయి. బాబాయి కుర్చీ వెనక్కి నెట్టి లేచిపోయాడు. ఆయన వెంట పోవాలా వద్దా అని దుకాణాల వాళ్ళు కాసేపు తటపటాయించి, సగంమంది పోయారు, సగంమంది అక్కడే ఉండిపోయారు.

*

కుంట నుంచి రావాల్సిన మేస్త్రీ రాలేదు. బాబాయి ఫోన్ చేసి ఉంటాడు. రాకపోతే పోయె, సిమెంటు పనేం లేదు కదా. మంగు వచ్చాడు. అరుగు మీది పందెంలో సాక్షి తనే కాబట్టి అది తేలే దాకా తనకు తప్పదన్నాడు. సోమ్లీ, ఆమె వెంట ఇంకొందరు వచ్చి మట్టి తొక్కారు. దొర్లవాళ్ళలో ఇల్లు లేపితే ఊరు తలా చెయ్యి వేస్తుంది, కట్టించుకునేవాళ్ళు కడుపునిండా తిండి పెడతారు. ఉప్పుకొట్టు గోడకు వాళ్ళు ఆ లెక్కన చెయ్యి వెయ్యడం అదే మొదలు. నేను దొడ్లోనే మూడు రాళ్ళ పొయ్యి పెట్టి వండాను. వదిన వంటింట్లో పెట్టకూడని కోడిగుడ్లు ఆ పొయ్యి మీద బ్రహ్మాండంగా ఉడికాయి. మా ఇంటి గోడ ఒక్కటీ కూలలేదు.

అన్నయ్య పెరటి గదిలోంచి బయటికి రావడం తగ్గించాడు. బాబాయి ఆయన్ని దుకాణంలోంచి తియ్యలేదు, గల్లాపెట్టె తాళం మాత్రం తీసుకున్నాడు. ఆ కోపమంతా అన్నయ్య నా మీదే చూపిస్తాడని భయపడ్డాను. నాతో మాట్లాడ్డమే మానేశాడు. అది కోపం కన్నా కష్టంగా ఉండేది. ఎంత మొండిదాన్నైనా, అన్నం తిన్నావా అని అడిగే అన్న అడగకపోతే నాకూ కంచం ముందు కూర్చోబుద్ధయ్యేది కాదు.

మంగు పాత గోడకు గుమ్మం కోసం గునపం పెట్టిన రోజున ఆయన బయటికొచ్చాడు.

"బయటికి తలుపుంది కదా. మళ్ళ లోపలికెందుకు? ఎవరికి?" అన్నాడు నన్ను కాకుండా గోడను అడుగుతున్నట్టు.

వదిన బిందె దించి, "నాకు," అంది.

అన్నయ్య ఆమెను చూశాడు. లోపలికి పోయి, కాసేపటికి పాత ఉప్పుగది తలుపు రెక్క ఒకటి మోసుకొచ్చి మంగు ముందు పడేశాడు. టేకుది. కొత్తది చేయించే ఖర్చు తప్పింది. ఆ తలుపే ఇప్పటికీ మా ఇద్దరి మధ్య ఉంది. పగలు ఎప్పుడూ మూసి ఉండదు.

బోర్డు మీద సేవ అన్న చోట నీలం రంగు పూసి పోయారు. అన్నయ్య రోజూ దుమ్ము తుడుస్తూనే ఉన్నాడు, ఆ రంగు పూసిన చోట కూడా.

*

తొలకరికి ముందు ఆఖరి సంత రోజున పొయ్యి వెలిగించాను. అన్నం, పప్పు, చింతచిగురు, ఉలవచారు, గుడ్ల పులుసు. సోలను గోడకు కొట్టిన మేకుకు తగిలించాను, అందరికీ కనపడేలా. వదిన లోపలి తలుపు తీసుకుని వచ్చి, ఎవరూ చెప్పకుండానే విస్తళ్ళు పరిచింది.

జనం వచ్చారు గానీ ఎవరూ కూర్చోలేదు. బస్సు డ్రైవరు కూడా బయటే నిలబడి బీడీ కాలుస్తున్నాడు. తొలి కంచం ఎవరిదో ఊరంతటికీ తెలుసు. పొజ్జే అవ్వ మాత్రం గోడవారగా చతికిలబడింది. ఈ వయసులో ఎవరి పందెమైతే నాకేంది, ఆకలైతంది అంది. ఆమె కోసమన్నా మొదలుపెడదామని నేను సోల అందుకున్నాను.

అప్పుడొచ్చాడు శ్రీరంగం బాబాయి. ఇస్త్రీ పంచె, భుజాన తువ్వాలు. సాక్షి మంగు వెనకాలే ఉన్నాడు. పందెం నిలబెట్టుకోకపోతే రేపు దుకాణంలో ఎవరికీ మాట చెప్పలేడు, అందుకు వచ్చాడు. ఆ మాత్రం మాట మీద నిలబడతాడు. విస్తరి ముందు కూర్చుని, "పెట్టు," అన్నాడు తల ఎత్తకుండా.

నేను పొజ్జే అవ్వ వైపు చూశాను. అడగాల్సింది నోటితో అడగలేదు. సోలను కొంచెం ఎత్తి, అరచెయ్యి దాని మీద పెట్టి చూపించాను. అవ్వ బోసినోరు కదిలింది.

"ఒక్కసారికి కొట్టు," అంది.

ఆ గదికి నేను తెచ్చుకున్న రెండో పర్మిషన్ అది. సోల నిండా వేడన్నం తోడి, నీళ్ళలో ముంచిన అరచేత్తో మూతి మీద చెయ్యి కొట్టి, మిగిలింది గిన్నెలోకి రాల్చి, చదునుగా ఉన్న సోలను బాబాయి విస్తట్లో బోర్లించాను. పక్కనే పొజ్జే అవ్వ విస్తట్లో గోపురం. మెతుకులు ఆకు దాటి నేల మీద పడ్డాయి. ఒకరి తర్వాత ఒకరు వచ్చి కూర్చున్నారు. సోమ్లీకి, మంగుకు, డ్రైవరుకు, అందరికీ గోపురమే. బయట నిలబడ్డవాళ్ళు కూడా విస్తళ్ళ వంకే చూస్తున్నారు.

బాబాయి తన విస్తరి చూసుకున్నాడు. అవ్వ విస్తరి చూశాడు. మెడ మీద నరం ఉబ్బింది. లేచిపోతాడనుకున్నాను. పందెం గుర్తొచ్చిందేమో, పప్పు కలుపుకున్నాడు. తిన్నాడు. ఉలవచారు పోస్తే కాదనలేదు. ఆ ఉలవచారు మహా కుదిరింది, నా వంట సంగతి నాకు తెలుసు. గబగబా తిన్నాడు. చారు ఇంకా మిగిలి ఉంది, అన్నం లేదు. చెయ్యి ఆకు మీదే ఆగిపోయింది.

నేను సోల నింపి పక్కనే నిలబడ్డాను. ఈసారి చెయ్యి కొట్టలేదు. అలాగని వడ్డించనూ లేదు. అవ్వ ఒక్కసారికే ఒప్పుకుంది, ఇక పెడితే గోపురమే పెట్టాలి. కానీ ఈ గది తెరిచేదాకా మా ఇంట్లో వంద ఏళ్ళుగా ఆ గోపురం ఎవరూ ఎవరికీ ఇచ్చింది లేదు, ఎవరూ మమ్మల్ని అడిగే వీలూ లేదు. ఆయన అడిగితే పెడదామని ఆగాను.

బాబాయి తల వంచుకునే, పెదాలు కదిపీ కదపకుండా, "చెయ్యి కొట్టకుంట పెట్టవే," అన్నాడు.

లోపలి తలుపు దగ్గర వదిన నిలబడి ఉంది. ఆమె వెనక అన్నయ్య.

"వినపళ్ళే బాబాయ్," అన్నాను. "కొంచెం గట్టిగ అడుగు."